నలభై దాటాక బొమ్మల సైన్యం

మన కాలేజీ యూనియన్ వారు సావనీరుకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా రాసేవి రాద్దామనే కూర్చున్నాను. హాస్టల్ మెస్సు చారు, పరీక్ష ముందు రాత్రి చదువు, లెక్చరర్ల చేత తిన్న చీవాట్లు. రెండు పేజీలు రాశాక, అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కదా అనిపించి చించేశాను. నలభై ఎనిమిదేళ్ల వయసులో నేను మొదలుపెట్టిన ఒక విచిత్రమైన వ్యాపకం గురించి చెబుతాను. నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి.

మాది వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి. ఆ పేరు చెప్పగానే ఇప్పటి పిల్లలకు ప్రాజెక్టు నీళ్లూ, వాటి మీద రంగురంగుల కయాక్ పడవలూ, ఒడ్డునున్న అడవీ గుర్తొస్తాయి. ఆదివారం అయితే హైదరాబాద్ కార్లతో రోడ్డు నిండిపోతుంది. వాళ్లందరూ నీళ్ల మీద ఉండగా, నేను మా ఇంటి వరండాలో తాండూరు బండల మీద మోకాళ్లు ఆన్చి, రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెడుతూ ఉంటాను. సైనికులు ఒక్కొక్కరు అంగుళం ఎత్తుంటారు. దీన్ని ఇంగ్లీషులో మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. మా ఊళ్లో మాత్రం దీనికి "సారు బొమ్మలాట" అనే పేరు స్థిరపడిపోయింది.

అసలు ఇదేం ఆట?

చదరంగం అందరికీ తెలుసు. ఏనుగు, గుర్రం, రథం, కాలిబంటు, ఈ చతురంగ బలాల పేరు మీదనే ఆ ఆట పుట్టింది. అయితే చదరంగంలో నేలంతా సమంగా ఉంటుంది. వాగు ఉండదు, గుట్ట ఉండదు, బురద ఉండదు. బంటుకు భయం వేయదు, రాజుగారి ఉత్తరం ఆలస్యం కాదు. నిజమైన యుద్ధంలో ఇవన్నీ ఉంటాయి. వీటిని కూడా ఆటలోకి తెస్తే వచ్చేదే బొమ్మల యుద్ధం. ఇక్కడ గళ్లుండవు, కొలబద్ద ఉంటుంది. కాలిబంటు ఒక వంతులో ఇన్ని అంగుళాలు నడవాలి, గుర్రం ఇన్ని అంగుళాలు పోవాలి, గుట్ట ఎక్కితే సగం తగ్గాలి. తుపాకి దెబ్బ తగిలిందా లేదా అనేది పాచిక తేలుస్తుంది.

దీనికి శాస్త్రబద్ధమైన రూపం వచ్చింది ప్రష్యాలో. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ఇసుక బల్ల మీద మొదలుపెట్టి, బల్లనే యుద్ధభూమిగా మలిచి, రాజుగారికి చూపించాడు. ఆయన కొడుకు, సైన్యంలో అధికారి, దాన్ని సంస్కరించి 1824లో మ్యాపుల మీద ఆడే ఆటగా ప్రచురించాడు. దాని పేరు క్రీగ్స్‌పీల్. మ్యాపు స్కేలు 1:8000, ఒక్కొక్క వంతు రెండు నిమిషాల కాలానికి సమానం. మధ్యలో అంపైరు ఉంటాడు. ఎదుటివాడి సైన్యం ఎక్కడుందో నీకు కనబడదు. నీకు కనబడేదంతా అంపైరు చూపించినంతే. 1870లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించాక మిగతా దేశాల సైన్యాలు కూడా ఈ ఆటను శ్రద్ధగా నేర్చుకున్నాయి.

సైనికుల చేతిలోంచి దీన్ని ఇంట్లోకి తెచ్చినవాళ్లు నడివయసు పెద్దమనుషులే కావడం నాకు మొదటి ధైర్యం ఇచ్చింది. "ట్రెజర్ ఐలండ్" రాసిన స్టీవెన్సన్ 1881-82 ప్రాంతంలో స్విట్జర్లాండులోని దావోస్‌లో తన సవతి కొడుకుతో నేల మీద పాకుతూ సీసపు సైనికులతో ఆడేవాడు. హెచ్.జి. వెల్స్ తన 47వ ఏట, 1913లో, "లిటిల్ వార్స్" అనే చిన్న పుస్తకం రాశాడు. ఆయన ఆటలో పాచిక లేదు, బొమ్మ ఫిరంగితో నిజంగానే కర్రముక్కలు పేల్చి బొమ్మలను పడగొట్టడమే. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ అనే ఫిజియోథెరపిస్టు 1962లో "వార్ గేమ్స్" అనే పుస్తకం రాసినప్పుడు ఆయనకూ నలభై దాటాయి. ఈనాటి వ్యాపకానికి ఆ పుస్తకం ఒక పునాది. కనుక "ఈ వయసులో ఇదేం పని?" అని అడిగినవాళ్లకు నా దగ్గర జవాబు ఉంది. ఈ వయసులో మొదలైన పనే ఇది.

నాలుగు అడ్డంకులు

మొదటిది సిగ్గు. పక్కింటి పెద్దాయన ఒకరోజు వరండాలోకి తొంగి చూసి, "ఏంది సారూ, గీ వయసుల బొమ్మలు ముందలేసుకున్నవ్? ఇంట్ల అంత మంచిగనే ఉన్నదా?" అని అడిగాడు. నిజంగా కంగారుపడ్డాడు పాపం. నాకు చప్పున ఒక విషయం స్ఫురించింది. మన ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా బొమ్మల కొలువు పెడుతున్నారు. పెళ్లి ఊరేగింపు, కచేరీ, అంబారీ ఏనుగు, అన్నీ మెట్ల మీద అమరుస్తారు. దానికి ఎవరూ వంక పెట్టరు, పేరంటానికి వచ్చి శనగలు పట్టుకుపోతారు. నాదీ కొలువే పెద్దాయనా, కాకపోతే నా బొమ్మలు కదుల్తాయి అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, మర్నాడు మనవణ్ణి వెంటపెట్టుకొచ్చాడు.

రెండోది చత్వారం. అంగుళం బొమ్మకు కన్ను పెట్టాలంటే నలభై దాటినవాడికి కనబడదు. దీనికి మూడు ఉపాయాలు. దగ్గరి చూపు కళ్లద్దాలు, పక్కనుంచి పడే దీపం, మూడోది అన్నిటికంటే ముఖ్యం, కన్ను పెట్టకపోవడం. మూడడుగుల దూరం నుంచి చూస్తే మనిషి కన్ను ఎలాగూ కనబడదు. టోపీ, కోటు, తుపాకి, ఈ మూడు రంగులు తేటగా ఉంటే చాలు. ముదురు రంగు ముందు వేసి, ఆరాక, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే లేత రంగు పొడి కుంచెతో రుద్దితే మడతలు వాటంతటవే పైకి తేలుతాయి. చేయి వణికితే రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆన్చి పట్టుకోవాలి.

మూడోది డబ్బు. విదేశాల నుంచి తెప్పించే 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలతో మొదలుపెడితే బడిపంతులు జీతం నిలవదు. నేను పెళ్లికార్డులతో మొదలుపెట్టాను. ప్రతి మాఘమాసమూ ఇంటికి వచ్చే ఆ మందపాటి అట్టల వెనక వైపు తెల్లగా ఉంటుంది. మనిషి బొమ్మ గీసి, రంగులేసి, కత్తిరించి, 2011లో చెలామణీ ఆగిపోయిన పావలా బిళ్ల మీద అతికిస్తే గాలికి పడిపోదు. మొదటి మూడు వందల మంది సైనికులకు నాకు ఖర్చయినవి జిగురు, రంగులు మాత్రమే. తర్వాత ఇష్టం నిలబడితే 1/72 స్కేలు ప్లాస్టిక్ బొమ్మలు కొనవచ్చు. ఇష్టం నిలబడకపోతే నష్టపోయేది కాసిన్ని పెళ్లికార్డులే.

నాలుగోది స్థలం. మా వరండాలో రెండడుగుల చదరపు బండలు పరిచి ఉన్నాయి. నాలుగు బండల పొడవు, మూడు బండల వెడల్పు తీసుకుంటే ఎనిమిదడుగులకు ఆరడుగుల యుద్ధభూమి సిద్ధం. కొబ్బరిపీచు డోర్‌మ్యాటు కోసి పెడితే ఏపుగా పెరిగిన పంట చేను. పాత నీలం చీర అంచు వాగు. బట్ట కింద పుస్తకాలు పెడితే గుట్టలు. మోకాళ్ల కింద మాత్రం దిండు మరవొద్దు.

నిబంధనలు ఎంత చిన్నవైతే అంత మంచిది

నేను ఆడే నిబంధనలు పోస్టుకార్డులో సగం. కాలిబంటు 6 అంగుళాలు, గుర్రం 12. దగ్గరి దూరం నుంచి కాల్చేటప్పుడు బొమ్మకొక పాచిక. 4, 5, 6 పడితే ఎదుటివాడి బొమ్మ ఒకటి పోయినట్టు. ఇక్కడ లెక్కల విద్యార్థులు కాస్త ఆగండి. పది పాచికలు వేస్తే సగటున ఐదు దెబ్బలు తగలాలి. కానీ నూటికి పదిహేడు సార్లు మూడో, అంతకంటే తక్కువో తగులుతాయి. సగటును నమ్ముకుని పథకం వేసిన సేనాపతి ఆ పదిహేడు సార్లూ చిత్తవుతాడు. నడివయసు వచ్చాక ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండోది ధైర్యం. నాలుగోవంతు మందిని పోగొట్టుకున్న దళం నిలబడుతుందా, పారిపోతుందా? రెండు పాచికలు కలిపి వేయాలి. 7 లేదా అంతకు పైన పడితే నిలబడుతుంది. 36 అవకాశాల్లో 21 మాత్రమే మనవైపు. అంటే బలం ఉన్నంత మాత్రాన సరిపోదు, బెదరకుండా ఉండాలి. చదరంగంలో బంటు చచ్చేదాకా నిలబడుతుంది. మనిషి అలా నిలబడడని ఈ ఆట ఒప్పుకుంటుంది. నాకు దీనిమీద గౌరవం పుట్టింది అక్కడే.

చందుర్తి పోరు

నేను సోషల్ టీచర్ని. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఒకే ఒక వాక్యంలో చెప్పి దాటేసిన యుద్ధం ఒకటుంది. "1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోగా ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమయ్యాయి." పిల్లలు రాసుకున్నారు, మార్కులు వచ్చాయి, అయిపోయింది. దీన్నే బండల మీద పెట్టి చూద్దామనుకున్నాను.

పెట్టాలంటే ముందు తెలుసుకోవాలి కదా. ఉత్తర సర్కారుల రాబడిని నిజాం సలాబత్ జంగ్ 1753లో ఫ్రెంచివారికి రాసిచ్చాడు. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపిన కథ మనకు బుర్రకథల్లో తెలిసిందే. ఆయన తర్వాత వచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నారు. అదను చూసి ఆనందరాజు ఆంగ్లేయులకు కబురంపాడు. బెంగాల్ నుంచి క్లైవు కల్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో, ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్న గొల్లప్రోలు దగ్గరి చందుర్తి వద్ద రెండు సేనలూ తలపడ్డాయి.

ఫోర్డు వద్ద దాదాపు 470 మంది తెల్లవారు, 1,900 మంది సిపాయిలు. ఆనందరాజు పక్షాన దాదాపు 5,000 కాలిబలం, 500 గుర్రాలు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ వద్ద దాదాపు 500 మంది తెల్లవారు, 6,000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, మంచి ఫిరంగులు. నేను ఒక బొమ్మను 50 మందిగా లెక్కగట్టాను. మొత్తం 297 బొమ్మలు.

ఆనాటి పోరులో కీలకం ఒక పంట చేను. ఫోర్డు తెల్ల దళం మనిషెత్తు పెరిగిన పైరు చాటున ఉండిపోయింది. అతని సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని కనబడేలా నిలబడ్డారు. ఎర్రకోటు చూసి, అదే తెల్ల దళమనుకుని, ఫ్రెంచివారు తమ శక్తినంతా సిపాయిల మీదికి మళ్లించారు. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామని వరుస తప్పి తరుముకుంటూ పోతున్న ఫ్రెంచి దళానికి, చేను చాటునుంచి అసలు తెల్ల దళం పక్కగా ఎదురై తుపాకులు పేల్చింది. అక్కడితో కథ తిరగబడింది. ఫిరంగులు పోయాయి, శిబిరం పోయింది. 1759 ఏప్రిల్‌లో ఫోర్డు మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. 1766లో నిజాం ఒప్పందంతో సర్కారులు ఆంగ్లేయులకు ఖాయమయ్యాయి.

మా వరండాలో జరిగింది

ఎదుటివాడికి కథ ముందే తెలిస్తే ఈ యుద్ధం ఆడలేం. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి చరిత్ర పుస్తకం ముఖం చూసి ఏళ్లయింది కనుక వాడికి ఫ్రెంచి పక్షం ఇచ్చి, "ఏదో పాత యుద్ధంలేరా" అన్నాను. నేను ఫోర్డు. తొమ్మిది తెల్ల బొమ్మలను డోర్‌మ్యాటు వెనక దాచి, ఎర్రకోటు సిపాయిలను ముందు పెట్టాను. ఆనందరాజు ఎవరు? "ఒక్క గంట కూర్చో" అని మా ఇంటావిడను బతిమాలి పీట వేశాను.

మేనల్లుడు సరిగ్గా కాన్‌ఫ్లాన్ చేసిందే చేశాడు. ఉన్నదంతా ఎర్రకోట్ల మీదికి తోశాడు. మూడు వంతుల్లో నా సిపాయిలు పదకొండు మంది బల్ల దిగి డబ్బాలో పడ్డారు. నాకు ఎంత సంబరమో చెప్పలేను. వాడు వరుస చెదిరి డోర్‌మ్యాటు పక్కకు రాగానే దాచిన తొమ్మిదిమందినీ బయటికి తీసి పాచికలు విసిరాను. పని అయిపోయింది.

"మోసం మామా!" అన్నాడు వాడు. నవ్వాడు. తర్వాత డబ్బాలోకి చూసి, "గీ పదకొండు అంటే ఎంతమంది?" అన్నాడు.

"పదకొండు యాభైలు. ఐదు వందల యాభై."

"గంత మంది చస్తుంటే నువ్వు సంబరపడ్డవా?"

నా దగ్గర జవాబు లేదు. నిజమే, పడ్డాను. అది నా ఎత్తు కదా, పారిందని. ఎత్తులో ఎరగా పెట్టింది మనవాళ్లను. హిందుస్థానంలో ఆ రోజుల్లో సిపాయిని "తిలంగా" అనేవారు, ఎందుకంటే మొదట బెంగాలుకు క్లైవుతో వెళ్లిన సిపాయిలు దక్షిణాది వారు, తెలుగుదేశం పేరు వాళ్లకు అంటుకుంది. ఇరవై ఏళ్లు నేను చెప్పిన వాక్యంలో "ఫ్రెంచివారు", "ఆంగ్లేయులు" అని రెండే మాటలున్నాయి. బండల మీద నిలబెట్టిన 297 బొమ్మల్లో తెల్లవి పంతొమ్మిది. మిగతా 278 నేను పాఠంలో ఎప్పుడూ చెప్పనివి. చెప్పనివాటిని నా చేత్తోనే గీసి, కత్తిరించి, రంగులేసి నిలబెట్టాక గానీ అవి నాకు కనబడలేదు.

ఇంతలో ఇంకో సంగతి. మా ఇంటావిడ ఆట మొదలైనప్పటినుంచి ఒక్క బొమ్మను కూడా కదపలేదు. "నీ వంతు, నడిపించు" అని మూడుసార్లు అన్నాను. "ఎటు నడవాలి? వాళ్లకు ఫిరంగులున్నాయి, నావాళ్లకు ఈటెలున్నాయి. మీ ఇద్దరి తగాదా తేలాక చూద్దాంలెండి," అంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. ఎందుకంటే చందుర్తిలో సరిగ్గా అదే జరిగింది. ఆనందరాజు బలగమంతా ఎండిపోయిన ఒక చెరువు గుంటలో తలదాచుకుందని ఇంగ్లీషు చరిత్రకారులు ఎకసెక్కంగా రాశారు. నేనూ దాన్ని పిరికితనంగానే చదువుకున్నాను. పీట మీద కూర్చుని నూటపది బొమ్మలను కాచుకుంటున్న మనిషిని చూస్తే అది పిరికితనంలా అనిపించలేదు. అయితే ఆవిడ అంతటితో వదలలేదు. "వాళ్లను పిలిచింది ఈ రాజుగారేనా? పిలిచినవాడు గుంటలో కూర్చుంటే, వచ్చినవాడు గెలిచాక ఊరికే పోతాడా?" అంది. పోలేదు. నూట ఎనభై ఏళ్లకు పైగా పోలేదు.

ఈ రెండు ప్రశ్నలకూ నా బీ.ఏ. పాఠాల్లో చోటు లేదు. ఆ తప్పు లెక్చరర్లది కాదు, వాక్యం అంత పొట్టిది.

చివరగా

ఈ ఆట యుద్ధాన్ని ముద్దు చేస్తుందని కొందరు మిత్రులు అన్నారు. ఆ ప్రమాదం లేదనను. ఎత్తు పారినప్పుడు కలిగే సంబరం నేను ఒప్పుకునే ఉన్నాను. అందుకు వెల్స్ తన పుస్తకం చివర చెప్పుకున్న సమాధానమే నాకూ నచ్చింది. బొమ్మలతో నాలుగుసార్లు ఆడితే, నిజమైన యుద్ధం ఎంత మూర్ఖపు పనో తెలిసిపోతుందని ఆయన వాదన. ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. చదవవలసినవాళ్లు చదవలేదన్నమాట.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. నలభై దాకా ఆగనక్కర్లేదు. కళ్లు బాగున్నప్పుడే మొదలుపెట్టండి. హాస్టల్ గది నేల చాలు, రెండు పాచికలు, నాలుగు అట్టముక్కలు చాలు. మీ ఊరి పక్కనే జరిగిన ఒక పోరును ఎంచుకోండి, ఎక్కడో ఉన్న వాటర్‌లూ ఎందుకు? తోడెవరూ దొరక్కపోతే ఒక్కరే రెండు పక్షాలూ ఆడండి. ఒకవైపునుంచి లేచి, చుట్టూ తిరిగి, అవతలివైపు కూర్చుని, ఇప్పటిదాకా మీరు చేసింది శత్రువు కళ్లతో చూడటం కూడా మంచి అభ్యాసమే. లెక్చరర్ మిత్రులు ఏడాదికి ఒక్క యుద్ధాన్ని నల్లబల్ల మీదినుంచి దించి మామూలు బల్ల మీద పెట్టి చూడండి. పిల్లలు అడిగే ప్రశ్నలు మారతాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక కొత్త నిబంధన వచ్చింది. అది మేనల్లుడు పెట్టింది. ఆట అయ్యాక డబ్బాలో పడ్డ బొమ్మలను ఊరికే సర్దేయకూడదు. ఒక్కొక్కటీ బయటికి తీసి, యాభై, నూరు, నూటయాభై అని పైకి లెక్కబెడుతూ పెట్టెలో పెట్టాలి. గెలిచినవాడు లెక్కబెట్టాలి.